ఆ మూడు గేర్‌బాక్సులు ఉస్తాద్ కాల్చలేదు

ఉస్తాద్ పోయారన్న కబురు మంగళవారం పొద్దున, నేను డ్యూటీలో ఉండగా వచ్చింది. జగిత్యాల దగ్గర వాళ్ళ ఊరి నుంచి ఆయన బామ్మర్ది ఫోన్ చేశాడు. "బావ పోయిండు. పొద్దుగాల చాయ్ తాగి కూసున్నడు, గంతే" అన్నాడు. అప్పుడు నేను గల్ఫ్‌లో, దోహా దగ్గరి మెసయీద్‌లో, మా కంపెనీ వర్క్‌షాపులో ఒక పికప్పు కింద పడుకుని ఉన్నాను. బయటికొచ్చి ఆ మాట వాట్సాప్ గ్రూపులో పెట్టాను. పది నిమిషాలు కాకముందే మా మేనేజర్ చేతులు జోడించిన బొమ్మ పెట్టి, గొప్ప పనివాణ్ణి పోగొట్టుకున్నామని రాశాడు. అది చదివాక నాకు పుట్టిన కోపం ఇవాళ్టికీ తగ్గలేదు. ఆ కోపంలోనే ఇది రాస్తున్నాను. పోయినవాళ్ళ గురించి రాసేటప్పుడు ఉండాల్సిన నెమ్మది ఇందులో లేకపోతే మన్నించండి.

ఆయన ఆటోమేటిక్ గేర్‌బాక్సుల మేస్త్రి. నేపాలీల నుంచి కేరళవాళ్ళ దాకా అందరికీ ఉస్తాదే. నాది కృష్ణా జిల్లా, ఇంజన్ పని. తొమ్మిదేళ్ళు పక్కపక్కనే పనిచేశాం. శుక్రవారం నేను చర్చికని దోహా వెళ్తుంటే, వచ్చేటప్పుడు అల్ మన్సూరా కొట్లో బియ్యప్పిండి, నువ్వులు తెమ్మనేవారు. సాయంత్రానికల్లా క్యాంపు వంటగదిలో సర్వపిండి చేసి, మొదటి ముక్క నా కంచంలో వేసేవారు.

బండి పరీక్షించే పద్ధతి ఆయనకొకటి ఉండేది. డ్రైవరు పక్క సీట్లో కూర్చుని, బూట్లూ సాక్సులూ విప్పేసి, అరికాళ్ళు కింది రేకుకు ఆనించేవారు. గేరు మారినప్పుడల్లా వచ్చే చిన్న కుదుపు పాదానికే తెలిసేది. "చెవిని నమ్మొద్దు తమ్మీ, ఏసీ సప్పుడుల దానికి ఏం ఇనవడది. కాలు నిజం చెప్తది" అనేవారు. ఎండాకాలం ఆ రేకు మీద కాళ్ళు బొబ్బలెక్కేవి. అయినా మానలేదు.

రెండు ఎండాకాలాల కిందట ఈ గొడవ మొదలైంది. మా డీజిల్ పికప్పులు జనరేటర్లు లాక్కుంటూ ఇసుక దారుల్లో సైట్లకు వెళ్ళాలి. బండ్లకు బలం చాలడం లేదని డ్రైవర్లు మొత్తుకుంటున్నారు. మేనేజర్ ఎక్కణ్ణుంచో అరచేతిలో పట్టే పెట్టెలు మూడు తెప్పించాడు. అది బిగిస్తే ఇంజన్ ఎక్కువ డీజిల్ తాగి ఎక్కువ బలం ఇస్తుంది. మమ్మల్నిద్దర్నీ పిలిచాడు. మేనేజర్‌తో మేం మాట్లాడేది హిందీలోనే అయినా, ఉస్తాద్ మాట నాకు తెలంగాణ యాసలోనే వినపడుతుంది.

"పెడదాం సార్. కానీ ముందుగాల గేర్‌బాక్స్ ఆయిల్‌కు పెద్ద కూలర్ కావాలె. ఆ ఆయిల్ ఎంత వేడెక్కుతదో చూపిచ్చే మీటర్ కావాలె. అటెన్క జెరంత జెరంత పెంచుదాం."

"అవన్నీ ఇప్పుడు మాఫీ, ఏమీ లేవు. నీకు భయం పట్టుకుంది" అని మేనేజర్ నా వైపు తిరిగాడు. "నువ్వు చేస్తావా?"

"చేస్తాను సార్" అన్నాను.

ఆ మూడు పెట్టెలూ నా చేతులతోనే బిగించాను. పూర్తి బలానికి పెట్టాను. డ్రైవర్లు ఎగిరి గంతేశారు. అందరి ముందూ మేనేజర్ నా భుజం తట్టాడు. నాకు బాగానే అనిపించింది, దాచడమెందుకు.

ఆ రోజు ఉస్తాద్ నన్ను పక్కకు పిలిచి, నా మణికట్టు గట్టిగా పట్టుకున్నారు. "గుంజుకో" అన్నారు. గుంజాను. రాలేదు. "ఇంక గట్టిగ గుంజు." బలమంతా పెట్టి లాగితే ఆయన పట్టు జారింది, నా చర్మం చురుక్కుమంది.

"గేర్‌బాక్స్ లోపల ప్లేట్లు గిట్లనే ఒకదాన్నొకటి పట్టుకొని ఉంటయ్, ఆయిల్ ఒత్తిడితోని. పట్టుకు మించి ఇంజన్ గుంజితె జారుతయ్. జారితె వేడి. వేడికి ఆయిల్ మాడిపోతది. ఇంజన్‌కు బలం పెంచుడు ఒక పూట పని తమ్మీ. గేర్‌బాక్స్‌ను ఒప్పిచ్చుడే అసలు పని."

ఆ ఎండాకాలం దాటకముందే మూడు పికప్పుల గేర్‌బాక్సులూ కాలిపోయాయి.

మేనేజర్ ఆయనకు వార్నింగ్ లెటర్ ఇచ్చాడు. గేర్‌బాక్స్ పనిలో నిర్లక్ష్యం వల్ల బండ్లు పాడయ్యాయని అందులో రాశాడు. అందరం అక్కడే ఉన్నాం. ఉస్తాద్ కాగితం చదివించుకుని విన్నారు, సంతకం పెట్టనన్నారు. ఒక్కసారి నా వైపు చూశారు. నేను నోరు తెరవలేదు. సంతకం లేకుండానే లెటర్ ఫైల్లోకి వెళ్ళింది, ఆయన టైర్ల సెక్షన్‌కు వెళ్ళారు. ముప్పై ఏళ్ళు గేర్‌బాక్సులు విప్పి బిగించిన చేతులకు పంక్చర్లు వేసే పని.

రెండు నెలలు ఆయన నాతో మాట్లాడలేదు. మెస్సులో నేను ఎదురుగా కూర్చుంటే కంచం తీసుకుని లేచి వెళ్ళిపోయేవారు. చివరికి ఒకరోజు టైర్ల సెక్షన్‌కు వెళ్ళి, "ఎలా చెయ్యాలో నేర్పండి ఉస్తాద్" అన్నాను.

"అప్పుడే అడిగితె మూడు బండ్లు బతుకుతుండె" అన్నారు. వచ్చే శుక్రవారం పొద్దున్నే రమ్మన్నారు.

గేర్‌బాక్స్ మార్చిన ఒక పికప్పు మీద నాలుగు శుక్రవారాలు పనిచేశాం. నేను చర్చి మానేశాను. తుక్కులో పడున్న లారీ నుంచి పెద్ద కూలర్ విప్పి ముందువైపు బిగించాం. డ్రైవరుకు కనపడేలా వేడి మీటర్ పెట్టాం. ఆయిల్, ఫిల్టర్ కొత్తవి వేశాం. కంప్యూటర్ పని తెలిసిన ఫిలిప్పీన్స్ మిత్రుడొకడు ప్లేట్ల పట్టు కోసం లోపలి ఆయిల్ ఒత్తిడి కొంచెం పెంచాడు. ఇంజన్ బలాన్ని ఉస్తాద్ చెప్పినట్టే సర్దాడు. బండి కదిలేటప్పుడు పాత బలమే. గేరు పడి, ప్లేట్లు గట్టిగా పట్టుకున్నాకే అదనపు బలం, అదీ కొద్దిగా.

జనరేటర్ తగిలించి ఇసుక దారి ఎక్కించాం. ఉస్తాద్ పక్కన ఒట్టి కాళ్ళతో కూర్చున్నారు. మీటర్ ముల్లు లేచింది, లేచి ఒకచోట ఆగింది. ఎత్తు ఎక్కేశాం. నాకు ఉత్సాహం వచ్చి, "ఇంకొంచెం పెంచుదామా?" అన్నాను.

"సాలు. ఆశపడకు" అన్నారు, బూట్లు తొడుక్కుంటూ.

ఆ పికప్పు మరుసటి ఎండాకాలమంతా తిరిగింది. ఇప్పటికీ తిరుగుతోంది. మేనేజర్ మిగతా బండ్లకూ అలాగే చేయించి, వచ్చినవాళ్ళందరికీ తన ఆలోచనేనని చూపించాడు. ఆ లెటర్ మాత్రం ఫైల్లోంచి తీయలేదు. అదే చూపించి, నాలుగు నెలల కిందట ఆయన కాంట్రాక్టు పొడిగించలేదు. ఉస్తాద్ ఇంటికి వెళ్ళిపోయారు. ఆయన కంటే ముందే ఆ మాట ఊరికి చేరింది, దుబాయ్‌లో బండ్లు కరాబు చేస్తే పంపించేశారని. ఊళ్ళో వాళ్ళకు గల్ఫంతా దుబాయే.

ఆయన పోయిన ఐదో రోజు వాళ్ళావిడ ఫోన్ చేసింది. "తమ్మీ, నువ్వు పక్కనుంటివి గదా. ఆయన బండ్లు ఖరాబ్ జేసిండా? సావుకొచ్చినోళ్ళు సుత గదే గుసగుస పెడుతుండ్రు."

"లేదు వదినా" అన్నాను.

మర్నాడు మేనేజర్ గదికి వెళ్ళాను. ఆ లెటర్ తప్పని కంపెనీ తరఫున రాసివ్వమన్నాను.

"చనిపోయినవాడి ఫైలు మూసేశాం. ఇప్పుడు ఎవరికి కావాలి?"

"వాళ్ళావిడకి కావాలి."

"ఆ పెట్టెలు బిగించింది నువ్వు. గుర్తుపెట్టుకుని మాట్లాడు."

"అదే రాసిస్తాను" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినపడింది. ఆ గొంతు రెండేళ్ళ కిందట, ఆయన నా వైపు చూసినప్పుడు రావాల్సింది. ఆ సంగతి తలుచుకుంటే మేనేజర్ మీద కంటే నా మీదే ఎక్కువ మండుతోంది.

ఆ సాయంత్రమే ఇంగ్లీషులో ఒక పేజీ రాసి, సంతకం పెట్టి, ఆఫీసులో ఇచ్చాను. గుమాస్తా అందినట్టు ముద్ర వేశాడు. నా డ్యూటీ ఉంటుందో పోతుందో ఇంకా తెలియదు.

పదకొండో రోజు వదినకు ఫోన్ చేసి, ఆ కాగితాన్ని తెలుగులో చదివాను. "ఆ మూడు బండ్లకు పెట్టెలు బిగించింది నేను. అలా బిగిస్తే గేర్‌బాక్సులు కాలిపోతాయని ఉస్తాద్ ముందే చెప్పారు. ఎవరం వినలేదు. ఆయన తప్పేమీ లేదు. తర్వాత బండ్లు బాగుపడింది ఆయన నేర్పిన పనితోనే."

నన్ను తిడుతుందనుకున్నాను. తిట్టినా పడదామనుకున్నాను.

"ఒక్క నిమిషం ఆగు తమ్మీ" అంది. వాకిట్లో గిన్నెల మోత, జనం మాటలు వినిపించాయి. ఎవర్నో ఊకుండమని గట్టిగా కసిరింది. ఒక్కొక్క గొంతూ తగ్గింది.

"స్పీకర్ పెట్టిన. భోజనాలకు వచ్చినోళ్ళంత ఈడనే ఉన్నరు. మల్లొక్కసారి సదువు."

నేను మంచం మీద నుంచి లేచి నిలబడ్డాను. మొదటి నుంచి చదవడం మొదలుపెట్టాను, ఈసారి గట్టిగా.