పొట్ట మీద సంచి, పళ్లెంలో మక్క గారె: జగిత్యాల నుంచి సిరిసిల్ల దాకా

ఎనిమిది నెలల కిందట ఆపరేషన్ చేసి నా పెద్దపేగు తీసేశారు. చిన్నపేగు కొసను పొట్ట కుడివైపు బయటికి తెచ్చి దాని మీద ఒక సంచి అతికించారు. దీన్ని ఇలియోస్టమీ అంటారు. తిన్నదంతా ఆ సంచిలోకే వస్తుంది, నిండినప్పుడల్లా ఖాళీ చేసుకోవాలి. అది అలవాటైపోయింది. తలనొప్పంతా కూరగాయలతోనే. తొక్కలు, గింజలు, పీచు ఆ ఇరుకు దారిలో చిక్కుకుంటే పేగు మూసుకుపోతుంది. అందుకే మొదట చాలా రోజులు పెరుగన్నంతో గడిపి, ఆ తర్వాత ఒక్కో కూరగాయనూ తొక్క తీసి, మెత్తగా ఉడికించి, రెండు ముద్దలు తిని, ఒంటికి పడిందో లేదో నోట్‌బుక్‌లో రాసుకుంటూ వచ్చాను. సొరకాయ పడింది. క్యారెట్ పడింది. క్యాబేజీ పడలేదు. వచ్చే నెల నుంచి కరీంనగర్‌లో పీజీ చదువు, హాస్టల్లో ఉండాలి. అమ్మ ససేమిరా అంది. చివరికి ఒక షరతు మీదికి దిగింది: "ఒక్క దినం బయట తిని మంచిగ రా. గప్పుడు హాస్టల్ ముచ్చట మాట్లాడుదాం."

నాకు ఈమధ్యే మాటల పిచ్చి పట్టింది. నేత పనిలో వాడే మాటలన్నీ రాసుకోవాలని కోరిక. సిరిసిల్లలో నా క్లాస్‌మేట్ నానమ్మ నర్సవ్వ, చిన్నప్పుడు చేతిమగ్గం నేసిన మనిషి, రమ్మంది. జగిత్యాల నుంచి వేములవాడ మీదుగా సిరిసిల్లకు నేరుగా పోవచ్చు. నేను మాత్రం కోరుట్ల చుట్టు తిరిగి వెళ్లాను, ఎందుకంటే అక్కడ మా మేనత్త ఉంది. మీకు కోరుట్లలో మేనత్త లేకపోతే ఈ దారి పట్టకండి.

ఉదయం ఏడు గంటలకు బస్టాండ్ దగ్గర బండి మీద నాలుగు ఇడ్లీలు, ముప్పై రూపాయలు. పల్లీ చట్నీ వద్దన్నాను. బండాయన నా మొహంలోకి చూసి, చట్నీ పాతదనుకుంటున్నావా, ఇప్పుడే రుబ్బినా అని గిన్నె ఎత్తి చూపించాడు. పల్లీలు నాకు పడవని చెబితే, పడనోళ్లు ఎవరుంటరు అని కొంచెమే వేశాడు. తడవని మూడు ఇడ్లీలు తిన్నాను. ఏడున్నర బస్సుకు ఆధార్ కార్డు చూపిస్తే ఆడవాళ్లకిచ్చే జీరో టికెట్, పైసా ఖర్చు లేదు. ముప్పావు గంటలో కోరుట్ల, ఆటోకు ఇరవై.

అత్త గడపలోనే నన్ను కావలించుకుని, బక్కగైనవని ఏడ్చి, కళ్లు తుడుచుకుంటూ వంటింట్లోకి పోయి పళ్లెంతో వచ్చింది. మక్క గారెలు, అంటే మొక్కజొన్న గింజలు రుబ్బి వేసినవి. వాన పడితే మా వైపు ఏ ఇంట్లోనైనా ఇవే. ఇలియోస్టమీ ఉన్నవాళ్లకు చెప్పే వద్దుల జాబితాలో మొదట ఉండేవి మక్కలే. వాటి తొక్క అరగదు. నూరితే చిన్నదవుతుందే గానీ పోదు. నేను ఇదంతా నిలబడి ఒకసారి, కూర్చుని ఒకసారి, పొట్ట మీద వేలితో గీసి ఒకసారి చెప్పాను. అత్త శ్రద్ధగా విని తలూపింది.

"మక్కలెక్కడున్నయి బిడ్డా గిండ్ల? మెత్తగ రుబ్బిన. గివి గారెలు."

పక్కింటామె కూడా వచ్చి కూర్చుంది. తోటకూర తింటే కడుపు సాఫ్ అవుతుందని, వాళ్ల ఆడబిడ్డకు అట్లాగే నయమైందని చెప్పింది. కడుపు సాఫ్ కావడానికి నా దగ్గర పెద్దపేగే లేదన్నాను. అందుకే తోటకూర తినాలంది. నాలుగోసారి చెప్పబోతుంటే అత్త కళ్లలో మళ్లీ నీళ్లు తిరిగాయి. పొద్దున నాలుగున్నరకు లేచి రుబ్బిందట. నేను ఒక గారె తిన్నాను. బాగా నమిలాను. బాగుంది కూడా. అదే ఎక్కువ కోపం తెప్పించింది.

పది గంటలకు వేములవాడ బస్సెక్కాను. దాదాపు రెండు గంటల దారి. రుద్రంగి దాటేసరికి పొట్టలో మెలిపెట్టడం మొదలైంది. సంచిని తడిమి చూస్తే ఖాళీ. కడుపులో నొప్పి ఉండి సంచిలోకి ఏమీ రాకపోతే దారి మూసుకుంటోందని అర్థం. గంటలు గడిచినా అట్లాగే ఉన్నా, వాంతులు మొదలైనా ఆసుపత్రికి పోవాల్సిందే, ఆలస్యం పనికిరాదు. అది జరిగితే హాస్టల్ ఆశ అక్కడితో సరి. మోకాళ్లు పొట్టకు ఆనించి, ఫ్లాస్కులోని గోరువెచ్చని నీళ్లు గుటకలు వేస్తూ కూర్చున్నాను. కండక్టరమ్మ బస్సు పడక అనుకుని నిమ్మకాయ వాసన చూడమంది. సరిగ్గా అప్పుడే బస్సు ఆగింది. కిటికీలోంచి ఒకామె కాల్చిన మక్క కంకి నా ముక్కు ముందు పెట్టి, లేతగుంది, ఇరవైకి రెండు అంది. నేను కండక్టరమ్మ వైపు చూశాను. కండక్టరమ్మ రెండు కొనుక్కుంది.

వేములవాడలో భక్తుల స్నానాలకు లాడ్జీల్లో గదులు కొద్దిసేపటికి కూడా ఇస్తారు. యాభై రూపాయలిచ్చి అరగంటకు తీసుకున్నాను. వేడి నీళ్ల బకెట్, గడియ, బట్టలు తగిలించే కొక్కెం, అన్నీ ఉన్నాయి. పొట్టను మెల్లగా రుద్దుకుంటూ కూర్చుంటే ఇరవై నిమిషాలకు సంచి వెచ్చబడింది. ఖాళీ చేస్తూ చూశాను. పసుపు పచ్చని మక్క పొట్టు, రుబ్బింది రుబ్బినట్టే. అత్తకు ఫొటో పంపాలన్నంత కోపం వచ్చింది. పంపలేదు.

సిరిసిల్ల అరగంట. నర్సవ్వ ఇల్లు మరమగ్గాల వీధిలో, మాటలు గట్టిగా అంటే తప్ప వినబడవు. భోజనం వద్దని చెప్పి, ఎందుకని అడిగితే అరుస్తూ చెప్పాను. ఆమె సగంలోనే చేయి ఎత్తి ఆపింది.

"ముడివడ్డ పోగు అసొంటిదే గదా. మగ్గంల దువ్వెన పండ్ల సందుకెల్లి ముడి పోదు. గుంజితే తెగుతది. గంతే గద నీ బాధ?"

అంతే. ఎనిమిది నెలలుగా నేను చెప్పలేకపోయింది అంతే.

పోగుకు పట్టించే గంజిలో పలుకు ఉండకూడదని ఒకప్పుడు బట్టలో వడగట్టేవారట. ఆమె నాలుగు టమాటాలు ఉడికించి, ఉతికిన తెల్ల నూలు గుడ్డలో వేసి పిండింది. తొక్కలు, గింజలు గుడ్డలో మిగిలాయి, ఎర్రటి రసం గిన్నెలోకి దిగింది. ఉప్పు, పసుపు వేసి మరిగించి, గుజ్జులా ఉడికిన అన్నంలో కలిపింది. నొప్పి పూర్తిగా తగ్గిందా అని రెండుసార్లు అడిగాకే ముద్ద పెట్టనిచ్చింది. ఎనిమిది నెలల తర్వాత టమాటా. నేను మాటలు రాసుకోవడం మరిచిపోయాను. వెళ్లేటప్పుడు ఆ గుడ్డను ఉతికి, పిండి, నా చేతిలో పెట్టింది.

తిరుగు బస్సులో అత్త ఫోన్ చేసింది. ఇంకో పది గారెలు ఎవరితోనో పంపుతానంది. ఈసారి ముడి, పోగు, దువ్వెన అని చెప్పాను.

"గట్లనా? మరి గా ముచ్చట మొదలే చెప్పద్దా బిడ్డా?"

సాయంత్రం ఏడింటికి ఇల్లు. అమ్మ నోట్‌బుక్ అడిగింది. టమాటా రసం, వడగట్టింది, పడింది. దాని పైన, మక్క గారె, ఒకటి, పడలేదు. దాచవచ్చు. దాచి గెలిస్తే రేపు హాస్టల్లో ఎవరు చూస్తారు? నోట్‌బుక్ అమ్మ చేతికిచ్చాను. చదివి, అత్త పెట్టిందా అని అడిగింది. పెట్టింది, తిన్నది మాత్రం నేనే అన్నాను. అమ్మ నోట్‌బుక్ మూసి, నా చేతిలోని తడి గుడ్డను తీసుకెళ్లి తీగ మీద ఆరేసింది. మర్నాడు చూస్తే ఆ తెల్ల గుడ్డ ఆరి, మడత పెట్టి, హాస్టల్‌కు తీసిన నా సూట్‌కేసులో అన్నిటికంటే పైన ఉంది.

నేను ఈ దారిలో కూరగాయల గురించి నేర్చుకున్నది తక్కువ. అవి నోట్‌బుక్‌లో ముందే ఉన్నాయి. ప్రేమగా పెట్టే చేతికి వద్దని చెప్పడం మాత్రం అందులో లేదు, ఇప్పుడు రాసుకున్నాను. మీరూ ఇట్లాంటి ప్రయాణం పెట్టుకుంటే ఒక్క సలహా: వెళ్లే ఇంటికి ముందు రోజే ఫోన్ చేసి ఏం తినకూడదో చెప్పండి. పొయ్యి వెలిగించాక చెప్పింది ఎవరి చెవికీ ఎక్కదు.