మన్సూర్ చెప్పిన ఇంజను

నరసరావుపేటలో పల్నాడు రోడ్డు మీద కార్ల షెడ్డు నడిపే మన్సూర్‌కి యాభై నాలుగేళ్ళు. పద్దెనిమిదో ఏట పానా పట్టినవాడు మళ్ళీ దాన్ని కింద పెట్టలేదు. చదువు ఏడో తరగతితో ఆగిపోయింది. బానెట్ ఎత్తి ఒక్క నిమిషం చెవి ఒగ్గి వింటే చాలు, ఏ వాల్వు కొట్టుకుంటోందో, ఏ బేరింగు అరిగిందో చెప్పేవాడు. వినుకొండ, ఈపూరు, సత్తెనపల్లి దాకా అతని పేరు తెలియని కారు యజమాని లేడు.

ఆ పేరు రిపేర్ల వల్ల కొంతే వచ్చింది. కొత్త కారు కొనాలనుకున్నవాళ్ళు ముందు అతని దగ్గరికి వచ్చేవాళ్ళు. "మన్సూర్ భాయ్, నువ్వొచ్చి చూసి ఊఁ అంటేనే కొంటాం" అని షోరూముకి వెంటబెట్టుకుని వెళ్ళేవాళ్ళు. అందుకు అతను ఎవరి దగ్గరా ఒక్క రూపాయి పుచ్చుకోలేదు. షోరూము వాళ్ళు కమీషన్ ఇస్తామన్నా వద్దన్నాడు. తన మాటకి ఉన్న విలువంతా అక్కడే ఉందని అతని నమ్మకం.

ఆ నమ్మకానికి ఒక బీట పడింది. గురజాల నుంచి ఒక డాక్టరుగారి కారు వచ్చింది. టర్బో ఇంజను. పొగగొట్టంలోంచి పోయే వేడిగాలితో తిరిగే చిన్న పంకా ఒకటి ఇంజనులోకి గాలిని బలంగా నెడుతుంది. దానివల్ల చిన్న ఇంజను కూడా పెద్దదాని కంటే ఎక్కువ లాగుతుంది. ఆ సంగతి మన్సూర్ విన్నాడు గాని చేత్తో పని చేసి ఎరగడు. బండి ఎక్కుబాటులో లాగడం లేదని డాక్టరుగారు చెప్పారు. మన్సూర్ మూడు రోజులు విప్పాడు, బిగించాడు. తెలిసినవాళ్ళ దగ్గర్నుంచి ఇంజను లోపాలు చూపే స్కానర్ తెచ్చి పెట్టాడు. తెర మీద వచ్చిన అంకెలు అర్థం కాలేదు. చెవి పెట్టి విన్నాడు. ఎప్పుడూ ఏదో ఒకటి చెప్పే ఇంజను ఆ రోజు ఏమీ చెప్పలేదు.

"పార్టు ఇక్కడ దొరకదు సార్, కంపెనీకి పంపించండి" అన్నాడు చివరికి.

రెండు రోజుల తర్వాత డాక్టరుగారు ఫోన్ చేసి, "పార్టేం కాదంట మన్సూర్, గాలి గొట్టం చిట్లిందంట. గంటలో మార్చి ఇచ్చారు" అని మామూలుగానే చెప్పారు. ఆయన మనసులో ఏమీ లేదు. మన్సూర్ మాత్రం ఆ పూట షట్టరు సగం దించి లోపలే కూర్చున్నాడు. అప్పటినుంచి టర్బో బండి ఏది వచ్చినా "చేతినిండా పనుంది, వేరేచోట చూపించుకోండి" అని పంపేసేవాడు. ఎందుకు పంపేస్తున్నాడో భార్య మహమూదాకి కూడా చెప్పలేదు.

అలా రెండేళ్ళు గడిచాక ఈపూరు కోటయ్య కారు కొనడానికి వచ్చాడు.

కోటయ్యది మిర్చి వ్యవసాయం. పాత డీజిల్ కారుని పన్నెండేళ్ళుగా మన్సూరే చూస్తున్నాడు. ఇద్దరూ అన్నా తమ్ముడూ అని పిలుచుకునే చనువు. రంజాన్‌కి మన్సూర్ ఇంటి సేమ్యా ఈపూరు వెళ్ళేది, కారం పట్టించిన ప్రతి ఏడూ కోటయ్య ఇంటినుంచి ఒక డబ్బా ఇక్కడికి వచ్చేది. ఈసారి కోటయ్యతోపాటు కొడుకు పవన్, కోడలు భార్గవి కూడా షోరూముకి వచ్చారు. భార్గవి గ్రామ సచివాలయంలో ఇంజనీరింగ్ అసిస్టెంటు. ఏదైనా కొనేముందు నాలుగు చోట్ల చదివి చూసే అలవాటు ఆ అమ్మాయిది.

నచ్చిన కారు ఒకటే. ఇంజన్లే రెండు రకాలు. ఒకటి పన్నెండు వందల సీసీ మామూలు ఇంజను. రెండోది వెయ్యి సీసీ టర్బో. మన్సూర్ రెండూ నడిపి చూశాడు. మొదటిది తెలిసిన మనిషిలా నెమ్మదిగా కదిలింది. రెండోదాన్ని బైపాస్ ఎక్కించి కాలు నొక్కగానే వీపు సీటుకి అతుక్కుపోయింది. పక్కన కూర్చున్న పవన్ "అబ్బో" అన్నాడు. దాని బలం ఎంతో మన్సూర్‌కి ఆ క్షణమే తెలిసిపోయింది.

తిరిగొచ్చాక కోటయ్య కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చున్నాడు. "చెప్పు తమ్ముడూ. ఏది తీసుకోమంటావు?"

"బాబాయ్, చిన్న ఇంజనే ఎక్కువ లాగుద్దంట కదా?" అంది భార్గవి, ఫోన్‌లోంచి తలెత్తి. "మేం ఎప్పుడు బయల్దేరినా నలుగురైదుగురం ఉంటాం. డిక్కీ నిండా సామాను. పైగా ఏసీ. సింగిల్ రోడ్డులో లారీలు దాటాలంటే అదే మేలంట."

ఆమె చెప్పింది నిజం. అదే మాట మన్సూర్ నోటిచివర ఉంది. కాని రేపు ఆ బండి షెడ్డుకి వస్తుంది. కోటయ్య పక్కన నిలబడి "ఏంది తమ్ముడూ, ఏమైంది దీనికి?" అని అడుగుతాడు. అప్పుడు తనేం చెప్పాలి? ఈపూరు కోటయ్య ముందు కూడా "కంపెనీకి పంపించు" అనాలా?

"కాయితం మీద ఎన్నయినా రాస్తారమ్మా" అన్నాడు. "టర్బో మన పల్నాడు దుమ్ముకి ఆగదు. మూడేళ్ళకి పోద్ది. పెద్ద ఇంజను పెద్ద ఇంజనే. కళ్ళు మూసుకుని పన్నెండొందలు తీసుకో అన్నా."

దుమ్ముకి ఆగదన్న మాట అతను ఎక్కడా వినలేదు. అప్పటికప్పుడు నోటికొచ్చింది.

"అయిపాయె" అన్నాడు కోటయ్య సంతోషంగా. "మన్సూరు చెప్పాక ఇంకేంది? వెయ్యి సీసీ ఏంది, పన్నెండొందలు ఏంది! పెద్దదే రాయండి బాబూ."

భార్గవి ఫోన్ బ్యాగులో పెట్టేసుకుంది.

ఎనిమిది నెలలు బాగానే గడిచాయి. సర్వీసుకి బండి షెడ్డుకే వచ్చేది. ఆ ఇంజను ముందు నిలబడినప్పుడు మన్సూర్‌కి ప్రాణం హాయిగా ఉండేది. అందులో తనకి తెలియనిది లేదు. చెప్పిన అబద్ధం కూడా నెమ్మదిగా మరుగున పడింది.

వేసవిలో కోటయ్య బావమరిది కూతురికి మాచర్లలో నిశ్చితార్థం. కోటయ్య, భార్య ప్రమీలమ్మ, పవన్, భార్గవి పొద్దున్నే బయల్దేరారు. దాచేపల్లిలో ప్రమీలమ్మ చెల్లెలు ధనలక్ష్మిని ఎక్కించుకున్నారు. ఆమెతోపాటు రెండు బుట్టల మామిడిపళ్ళు, పిండివంటల డబ్బాలు ఎక్కాయి. అక్కణ్ణుంచి గురజాల వైపు రోడ్డు. ముందు ఒక సిమెంటు లారీ నిండు లోడుతో పాకుతోంది. ముహూర్తం దాటిపోతుందని కోటయ్య తొందరపెడుతున్నాడు. పవన్ కుడికి తీసి కాలు నొక్కాడు. కొద్దిగా ఎక్కుబాటు. ఇంజను గట్టిగా అరిచింది గాని బండి లారీ మధ్యదాకా వెళ్ళి అక్కడే ఆగినట్టయింది. ఎదురుగా మిట్ట మీదనుంచి బస్సు దిగుతోంది. ముందుకు పోలేక, వెనక్కి తగ్గే వ్యవధి లేక, పవన్ బండిని కుడివైపు మార్జిన్‌లోకి దించేశాడు. బస్సు హారన్ మోగిస్తూ దాటిపోయింది. కారు కల్వర్టు గోడకి ప్రమీలమ్మ కూర్చున్న వైపు కొట్టుకుంది.

మిగతావాళ్ళకి గీతలతో పోయింది. ప్రమీలమ్మ కుడి మోచేయి నుజ్జయింది. గుంటూరులో రెండు ఆపరేషన్లు చేశారు. చేయి మడత పడటం లేదు. ముద్ద కలిపి నోటిదాకా తెచ్చుకోలేదు.

మన్సూర్ ఆస్పత్రికి వెళ్ళాడు. వరండాలో కోటయ్య అతన్ని చూడగానే లేచి రెండు చేతులూ పట్టుకున్నాడు.

"నీ మాట వినబట్టి బతికాం తమ్ముడూ. పెద్ద ఇంజను, బరువైన బండి. ఆ చిన్నది గనక తీసుకునుంటే అయిదుగురం అక్కడే పోయేవాళ్ళం."

పక్కనున్న చుట్టాలు "నిజమే" అన్నారు. అది నిజం కాదని మన్సూర్‌కి తెలుసు. రెండు కార్ల ఒళ్ళూ ఒకటే, ఆ రేకూ ఒకటే. తేడా అంతా లాగుడులోనే. కొంచెం అవతల బెంచీ మీద భార్గవి కూర్చుని ఉంది. ఆమె ఒకసారి అతని వంక చూసి, చేతిలో మందుల చీటీని మళ్ళీ చదువుకోసాగింది. ఆమెకి తెలుసని అతనికి అర్థమైంది. ఆ చూపులో కోపమన్నా ఉంటే బాగుండుననిపించింది.

ఆ తర్వాత కోటయ్య కనబడినవాళ్ళందరికీ ఈ సంగతే చెప్పసాగాడు. ఈపూరు నుంచి మరో ఇద్దరు మన్సూర్ దగ్గరికి వచ్చి "మాక్కూడా పెద్ద ఇంజను బండి చూపించు భాయ్" అన్నారు. మన్సూర్ ఒంట్లో బాగాలేదని తప్పించుకున్నాడు. బాగాలేకపోవడం అబద్ధం కాదు. అన్నం సయించడం లేదు. శుక్రవారం జుమ్మా నమాజుకి వెళ్ళి కూడా పరధ్యానంగా తిరిగొచ్చేవాడు.

ఒక మధ్యాహ్నం మహమూదా కంచం ముందు పెట్టి, "ఏమైంది మిస్బా అబ్బా? నాలుగు నెలల్నుంచి చూస్తున్నా" అని నిలదీసింది. మిస్బా వాళ్ళ కూతురు, అబ్బా అంటే నాన్న. అతను డాక్టరుగారి కారు దగ్గర మొదలుపెట్టి అంతా చెప్పాడు.

"అల్లా దగ్గర తప్పు ఒప్పుకుని తౌబా చేసుకో. వాళ్ళ దగ్గరికి మాత్రం పోవద్దు" అంది మహమూదా. "ఇప్పుడు చెబితే ఆ తల్లి చెయ్యి తిరిగొస్తుందా? వాళ్ళ మనశ్శాంతి పోద్ది, నీ పేరు పోద్ది."

"నా పేరు కాపాడుకోబోయే కదా ఇట్టా అయ్యింది" అన్నాడు మన్సూర్.

మరుసటి ఆదివారం ఈపూరు వెళ్ళాడు. కోటయ్య వరండాలో పేపరు చూస్తున్నాడు. పవన్ మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. ప్రమాదం జరిగాక ఆ కుర్రాడు స్టీరింగు ముట్టలేదు. మనుషుల్లోకి రావడమే తగ్గించాడు. ప్రమీలమ్మ ఎడంచేత్తో మజ్జిగ గ్లాసు తెచ్చి ఇచ్చింది. మన్సూర్ తాగకుండా పక్కన పెట్టాడు.

"అన్నా, ఆ రోజు షోరూములో నీకు అబద్ధం చెప్పా" అన్నాడు. "ఆ చిన్న ఇంజనే బలమైంది. భార్గవమ్మ చెప్పిందే నిజం. అది బాగు చెయ్యడం నాకు రాదు. ఆ సంగతి నీ ముందు బయటపడుద్దని వద్దన్నా."

కోటయ్య పేపరు మడిచాడు. "అంటే, అదయితే లారీని దాటేదా?"

"దాటేదని ఒట్టేసి చెప్పలేనన్నా. దాటేందుకు బలం ఉండేది. నువ్వు అడిగినప్పుడు నేను నీ అవసరం చూసి చెప్పలా. నా అవసరం చూసుకుని చెప్పా."

ముందుగా పవన్ లేచాడు. "నాలుగు నెలలు బాబాయ్! నాలుగు నెలల్నుంచి మా అమ్మ చెయ్యి చూసి చస్తున్నా. నొక్కుతున్నా అది కదల్లేదని చెబితే ఒక్కరూ నమ్మలా. నాకు నడపటం రాదన్నారు." ఇంకేదో అనబోయి, చెప్పులు వేసుకుని వీధిలోకి వెళ్ళిపోయాడు.

"అదేం మాట?" అంది ప్రమీలమ్మ గుమ్మం దగ్గరనుంచి. "ముందు లారీ ఉంది, ఆగరా అని నేను వెనక కూర్చుని అరుస్తానే ఉన్నా. మీ అయ్యేమో పోనీ పోనీ అంటన్నాడు. నా మాట ఏ ఇంజనుకి వినపడుద్ది?"

కోటయ్య తల వంచుకున్నాడు. "ఇదంతా నాకెందుకు చెప్పావు మన్సూరూ?" అన్నాడు. తమ్ముడూ అనలేదు. "ఏదో నీ పుణ్యాన బతికామనుకుంటా ఉన్నా. ఆ మాట పట్టుకునే నిద్రపోతన్నా. నీ బరువు నువ్వు దించుకున్నావు. మరి నేనెక్కడ దించుకోవాల?"

మన్సూర్ లేచి నమస్కారం పెట్టి వచ్చేశాడు. భార్గవి గేటు దాకా వచ్చి గడియ తీసింది. "ఆ రోజే నేను గట్టిగా అనాల్సింది బాబాయ్. మీరంతా పెద్దోళ్ళని ఊరుకున్నా" అంది. ఆ అమ్మాయి కూడా ఇన్నాళ్ళూ ఆ మాట మోస్తోందని అప్పుడు గాని అతనికి తెలియలేదు.

తర్వాత ఈపూరు బండ్లు షెడ్డుకి రావడం తగ్గింది. కోటయ్య కారు బాగయ్యాక కంపెనీ సర్వీసుకే వెళుతోందని విన్నాడు. మన్సూర్ గుంటూరులో టర్బో ఇంజన్ల మీద వారం రోజుల క్లాసు ఉందంటే వెళ్ళి, పాతికేళ్ళ లోపు పిల్లల మధ్య కూర్చున్నాడు. సగం అర్థమైంది. మిగతా సగానికి ఇంగ్లీషు అడ్డం వచ్చింది.

ఆ మధ్య వెంకట్రామయ్య అనే రిటైర్డు మాస్టారు కారు విషయం అడగడానికి వచ్చారు. చిన్న టర్బో ఇంజనా, పెద్ద ఇంజనా అని. "పెద్దదాని గురించి చెప్పగలను మాస్టారూ. రెండోది నాకు పూర్తిగా తెలీదు. తెలిసినవాళ్ళని అడగండి" అన్నాడు మన్సూర్. మాస్టారు ఆశ్చర్యంగా చూశారు. మర్నాడు వేరే మెకానిక్‌ని వెంటబెట్టుకుని షోరూముకి వెళ్ళారట.

మొన్న విత్తనాల కొట్టు దగ్గర కోటయ్య ఎదురుపడ్డాడు. తప్పించుకునే దారి ఇద్దరికీ లేకపోయింది.

"వదిన చెయ్యి ఎట్టా ఉందన్నా?"

"అట్టానే ఉంది" అన్నాడు కోటయ్య. ఒక్క క్షణం ఆగాడు. ఇంకేమన్నా అంటాడేమోనని మన్సూర్ నిలబడ్డాడు. కోటయ్య విత్తనాల సంచి భుజానికెత్తుకుని బస్టాండు వైపు నడిచాడు.