తిరుగు వేళ చెప్పని పడవ

అండమాన్ విమానం టికెట్ల ధర చూడగానే నా సరదా సగం చచ్చింది. మా చెల్లి రమ్య మాత్రం, "చుట్టూ నీళ్లు, మధ్యలో ఇసుక, అంతేగా అక్కా! వంశధార సముద్రంలో కలిసేచోట ఒక దిబ్బ ఉందట, పోదాం" అంది. చిక్కల్లా ఒకటే. మర్నాడు ఉదయం విశాఖలో దానికి ఉద్యోగం ఇంటర్వ్యూ, ఏడాదిగా ఎదురుచూసిన పిలుపు. కాబట్టి సాయంత్రం ఆరుంపావు రైలు శ్రీకాకుళం రోడ్డు స్టేషన్లో తప్పిపోకూడదు. నేనసలే గడియారం చూడందే మంచినీళ్లు తాగని మనిషిని.

అరసవల్లి లాడ్జి నుంచి తొమ్మిదింటికి ఆటోలో బస్టాండుకు, అక్కణ్ణుంచి కళింగపట్నం బస్సు. గంటకు పైనే ప్రయాణం, తలకు ఏభై లోపే. దిగగానే అయోమయం మొదలైంది. ద్వీపం ఎటని టీకొట్టాయన్ని అడిగితే, "ద్వీపమేటమ్మా? దిబ్బా? ఆటుకి నడిసెల్లిపోవచ్చు, పోటుకి పడవ కావాల" అన్నాడు. పొద్దున కానిది మధ్యాహ్నానికి ద్వీపమవుతుందా? నాకు బోధపడలేదు. చివరికి అప్పన్న అనే పడవాయన రానూపోనూ ఆరువందలకు ఒప్పుకున్నాడు.

పడవను నీళ్లలోకి తోస్తుండగా, "ఎన్నింటికి తిరిగొస్తాం?" అని అడిగాను. అప్పన్న తోయడం ఆపేశాడు. ఒడ్డున ఉన్న అతని భార్య పోలమ్మ చెంబుతో నీళ్లు తెచ్చి ముగ్గురికీ ఇచ్చింది. "కూకోండమ్మా కాసేపు" అంది. అరగంట కూర్చున్నాం. ఇంజను చెడిందేమో అనుకున్నాను. మళ్లీ తోశారు. నా నోరు ఊరుకోదుగా, "మూడింటికల్లా వచ్చేస్తామా?" అన్నాను. మళ్లీ చెంబు, మళ్లీ అరగంట. ఇంకో వంద గుంజే ఎత్తా ఇది? "ఎప్పుడొస్తామో చెప్పడానికి ఏం నొప్పండీ? మాకు ఆరుంపావుకి రైలుంది!" అని అరిచేశాను. మూడో చెంబు వచ్చింది. రమ్య నా చెయ్యి గిల్లి, "నువ్వు అడిగినప్పుడల్లా ఆగుతోందే అక్కా" అంది. నోరు కట్టేసుకున్నాను. పడవ కదిలింది. అప్పటికి ఒంటిగంట.

దిబ్బ మీద నాలుగు సరుగుడు చెట్లు, ఎర్రటి చిన్న పీతలు తప్ప ఇంకేమీ లేవు. కొట్టు లేదు, తాగే నీళ్లు లేవు, టోపీ లేకపోతే మాడిపోతారు. పోలమ్మ కట్టిచ్చిన అన్నం, చేపల పులుసు తింటూ, అడిగితే తప్పేమిటని అప్పన్ననే అడిగాను.

"బయల్దేరీటప్పుడు తిరుగుమాట అడక్కూడదమ్మా. అడిగితే కూకుని, నీళ్లు తాగి ఎల్లాల. మా పోలమ్మ దాని తమ్ముణ్ణి అడిగినాది, ఎప్పుడొస్తావురా అని. సీకటి పడీలోగా వచ్చేస్తానన్నాడు, సముద్రమ్మీద సేపల వేటకెల్లిపోయాడు." అతను చేతులు కడుక్కున్నాడు. "ఆ సీకటి దానికింకా పడనేదు. ఇప్పుడు నేనెల్లినా ఒక్క మాట అడగదు."

నాకు సిగ్గేసింది. ఆమె ముందే మూడుసార్లు అడిగాను.

నాలుగవుతుండగా ఒడ్డు చేరాం. పోలమ్మ మోకాటి లోతు నీళ్లలో నిలబడి ఉంది. ముగ్గుర్నీ ఒక్కొక్కరిగా చూసింది. "టేసనుకి ఆటో పెట్టినాను, బేగి ఎల్లండి" అంది, అంతే. దారిలో లాడ్జి దగ్గర ఆగి సంచులు తీసుకున్నందుకు కూడా కలిపి ఆటోకి తొమ్మిది వందలు. ఎనిమిది నిమిషాలుందనగా ప్లాట్‌ఫారం ఎక్కాం.

వెళ్లాలనుకునేవాళ్లకు నా సలహా: ముందురోజు సాయంత్రమే పడవవాళ్లింటికి వెళ్లి రేపు ఆటెప్పుడు, పోటెప్పుడు అని తెలుసుకుని, రాకపోకల లెక్క మీరే వేసుకోండి. ఒడ్డున మాత్రం నోరెత్తకండి. ఇలాంటి నమ్మకాలు నాకు లేవు, అయినా ఇందులో ఏమైనా ఉందో లేదో ఇప్పటికీ తేల్చుకోలేకుండా ఉన్నాను. మర్నాడు విశాఖలో రమ్య ఇంటర్వ్యూకి చెప్పులేసుకుంటుంటే, ఎప్పుడొస్తావే అన్న మాట నా నాలుక చివరిదాకా వచ్చింది. మింగేసి, వెళ్లిరా అన్నాను.