మాస్టారి రెండు పుట్టినరోజులు

1983 ఫిబ్రవరిలో, జెర్సీ సిటీలో నేను పనిచేసే ట్రావెల్ ఏజెన్సీ గ్రూప్ టూర్ల పని నాకు అప్పగించింది. మొదటి గ్రూప్ తెలుగు లూథరన్లు, ఇరవై రెండు మంది. వాళ్ల సంఘానికి మూలమైన జర్మన్ మత సంస్కర్త లూథర్ పుట్టి ఐదు వందల ఏళ్లయిన సంవత్సరం. ఆయన తిరిగిన ఊళ్లు చూడాలన్నారు. వాటిలో వోర్మ్స్ పశ్చిమ జర్మనీలో ఉంది, విట్టెన్‌బర్గ్ తూర్పు జర్మనీలో. తూర్పుకు వెళ్లాలంటే ముందుగా హోటళ్లు బుక్ చేసి, పేర్లు, పాస్‌పోర్ట్ నంబర్లు, పుట్టిన తేదీలతో జాబితా పంపాలి. అనుమతికి ఎనిమిది వారాలు పడుతుంది. సరిహద్దులో ఆ జాబితాను పాస్‌పోర్టుల పక్కన పెట్టి చూస్తారు.

గుంటూరు దగ్గర మిషన్ బడిలో ముప్పై ఏళ్లు పాఠాలు చెప్పి, ఇప్పుడు ఇక్కడ పిల్లల దగ్గర ఉంటున్న యేసురత్నం మాస్టారు, పుట్టిన తేదీ రాసి ఉన్న బాప్తిస్మ పత్రం పట్టుకుని ఆఫీస్‌కి వచ్చారు. విట్టెన్‌బర్గ్‌లో లూథర్ తన వాదాలు రాసి అంటించిన చర్చి తలుపు చూడడం ఆయన చిరకాల కోరిక.

"పాస్‌పోర్టులో ఉన్న జూలై ఒకటి, నన్ను బళ్లో వేసినప్పుడు మా హెడ్మాస్టరు పుట్టించిన తేదీ అమ్మాయ్. మా అమ్మ కన్నది నవంబర్ ఎనిమిదిన. దేవుడి పని మీద పోతూ దొంగ తేదీ ఎందుకు?"

తేదీల్లో నాకు పట్టింపు ఎక్కువ. పత్రం ఎదురుగా ఉండగా తప్పని తెలిసిన తేదీ టైప్ చేయడానికి చేతులు రాలేదు. నవంబర్ ఎనిమిదే కొట్టాను.

ప్రయాణానికి మూడు రోజుల ముందు, వచ్చిన అనుమతులను పాస్‌పోర్టులతో పోల్చుతున్నప్పుడు నా తప్పు కనబడింది. తూర్పు జర్మనీ వాళ్లకు టెలెక్స్‌లో సందేశం పంపాను. మార్పు కావాలంటే మళ్లీ దరఖాస్తు, మళ్లీ ఎనిమిది వారాలు అని జవాబు వచ్చింది. వాళ్లు గమనించకపోవచ్చు, తీసుకెళ్లి చూడమన్నాడు మేనేజర్. సరిహద్దులో ఒకరిని ఆపితే బస్సంతా ఆగుతుంది. నేను ఒప్పుకోలేదు.

మాస్టారికి ఫోన్ చేసి, తూర్పుకు తీసుకెళ్లలేనని చెప్పాను.

"నేనంటే ముసలాణ్ణి, చాదస్తం. నువ్వెందుకు విన్నావమ్మాయ్?"

వోర్మ్స్ వరకు మాతో వచ్చారు. మేం తూర్పున తిరిగిన నాలుగు రోజులూ అక్కడి హోటల్లోనే ఉన్నారు. ఎస్కార్ట్‌గా నేను గ్రూప్‌తో వెళ్లక తప్పలేదు. తిరిగి వచ్చేసరికి హోటల్ ముందు బెంచీ మీద కోటు వేసుకుని కూర్చుని ఉన్నారు.

"తలుపు చూశారా?"

"చూశామండీ. ఇప్పుడున్నది కంచుది. చెక్కది ఎప్పుడో కాలిపోయిందట."

"అయితే అంత దూరం పోయి మీరూ చూడలేదన్నమాట."

అందరూ నవ్వారు. అలసిపోయి ఉన్నాను, నాకు నవ్వు రాలేదు. రెండేళ్ల తర్వాత మరో గ్రూప్ వెళ్లింది. జాబితాలో ఆయన పేరు నేనే రాయబోయాను. అప్పటికే డాక్టర్ ఆయన్ను విమానం ఎక్కవద్దన్నారు.

ఫారం అడిగేది మనిషి ఎప్పుడు పుట్టాడని కాదు, పాస్‌పోర్టులో ఏముందని. రిటైరయ్యే వరకు పుట్టిన తేదీ ఎవరినీ నోటితో అడగలేదు. పాస్‌పోర్ట్ తెరిచి చూసి కొట్టాను, పక్కవాళ్ల చేత చదివించి సరిచూశాను.