మోతికి మజ్జిగ వైద్యం

ఒక ప్రాణాన్ని మజ్జిగతో చంపబోయిన ఘనుడు ఎవరైనా ఉంటే, అది నేనే. బడి గడప తొక్కకపోయినా పొట్లం కట్టిన కాగితాలతో సహా చదివిన మనిషిని. శంషాబాద్‌లో మా వాడకట్టులో ఎవరికి దగ్గొచ్చినా ముందు నా సలహా అందేది, అడగకపోయినా.

నిరుడు ఎండాకాలం మా కుక్క మోతి తుమ్మింది. నేల మీద నెత్తుటి చుక్కలు. వేడి చేసిందని తేల్చేశాను. మనిషికైనా, కుక్కకైనా, పైన పోయే విమానానికైనా నాకు తెలిసిన రోగం అదొక్కటే. తుమ్మినప్పుడల్లా గిన్నెడు మజ్జిగ పోశాను. రోగి కోరిందీ మజ్జిగే, వైద్యుడు ఇచ్చిందీ మజ్జిగే. రోగం మాత్రం మా ఇద్దరినీ అడగలేదు. మూతి ఒక పక్క ఉబ్బింది, మోతి అన్నం మానేసింది.

మా ఇంటామె యాదమ్మ దవాఖాన అంటే నేను సబ్జా గింజలు అన్నాను. చివరికి ఆమె ఆటోను వాకిట్లో నిలబెట్టి, "నువ్వొస్తవా, నేనే తీస్కపోవాల్నా?" అన్నది.

రాజేంద్రనగర్ దిక్కున పశువుల డాక్టరమ్మ పరీక్ష చేసి, అది కుక్క నుంచి కుక్కకు అంటుకునే గడ్డ అన్నది. జబ్బు కుక్క గడ్డలోని కణాలే ఇంకో కుక్క ఒంట్లో నాటుకుని పెరుగుతాయట. ఎక్కువగా జతకట్టినప్పుడు, ఒక్కోసారి నాకినా వాసన చూసినా.

నాకు రోషమొచ్చింది. "మా మోతి గసొంటిది కాదు బిడ్డా. ఆడకుక్క దిక్కు కన్నెత్తి చూడది."

"కన్నుతోని కాదు తాతా, ముక్కుతోని చూస్తది."

నిజమే. దారిలో ఏ కుక్క ఎదురైనా మోతి వెనక నుంచి పలకరించనిదే కదలదు. ఆ మర్యాద నా పెంపకమేనని మురిసిపోయేవాణ్ణి.

ఇంకా ఆలస్యం చేస్తే ముక్కు ఎముక కూడా మిగలదని ఆమె అనగానే నా చదువంతా చెమటై కారింది. మోతి నా చేయి నాకింది, కాపాడేది నేనే అన్నట్టు.

"బతుకుతదా బిడ్డా?"

"మందు మంచిగ పనిచేస్తది. వారం వారం సూది, ఒక్కటి గూడ తప్పొద్దు. అప్పటిదంక వేరే కుక్కల దగ్గరికి పోనియ్యకు."

వారం వారం ఆరాంఘర్ చౌరస్తా రద్దీలో, ఆటోలో, దాని తల నా ఒళ్లో. నరానికి సూది ఎక్కుతుంటే అది నన్ను చూసేది, నేను గోడను చూసేవాణ్ణి. ఇంటికొచ్చి వాంతి చేసుకుంటే యాదమ్మ చేతులకు తొడుగులు వేసుకుని తుడిచేది. నన్ను ఒక్క మాట అనలేదు. అనకపోవడం ఎంత పెద్ద శిక్షో పెళ్లయినవాళ్లకు చెప్పక్కర్లేదు.

గడ్డ కరిగిపోయింది. ఇక రానక్కర్లేదని డాక్టరమ్మ చెప్పిన రోజు ఆటోవాడి ముందే ఏడ్చాను. కంట్లో దుమ్ము పడిందన్నాను. యాదమ్మ, "వేడి చేసినట్టుంది," అన్నది.

కనుక నెత్తి మీది విమానాల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: తోక ఉన్నవాళ్లకు గానీ లేనివాళ్లకు గానీ ఈ జన్మలో మళ్లీ వైద్యం చెయ్యను. మోతి నమ్మకమే వేరు. రోజూ మిట్టమధ్యాహ్నం నా కుర్చీ ముందుకొచ్చి పనిగట్టుకుని తుమ్ముతుంది. వంగి నేల చూస్తాను. ఒక్క చుక్క కూడా ఉండదు.

లేచి మజ్జిగ పోస్తాను.