చెమ్మ గోడ చూడటానికి వచ్చిన బెంగాలీలు

ఇంటర్నెట్ గంటల లెక్కన అద్దెకు దొరికే ఆ రోజుల్లో, నా దగ్గర డిగ్రీ కాగితమూ దానికి మించిన పొగరూ తప్ప మరేమీ లేవు. అలాంటి నాకు మా చినమావయ్య ఉద్యోగమిచ్చాడు. భీమిలిలో సముద్రం పక్కన ఆయనకో లాడ్జి ఉండేది. దానికి వెబ్‌సైటు పెట్టించాడు. ఆయన ఇంగ్లీషులో రాసిచ్చింది నేను తెలుగులోకి, నా ఈడువాడే ఇంకొకడు బెంగాలీలోకి మార్చాలి. వాణ్ణి అందరం దాదా అనేవాళ్ళం. విశాఖ రైల్వే క్వార్టర్సులో పుట్టి పెరిగిన బెంగాలీవాడు, తెలుగు మాత్రం నాకంటే యాసగా మాట్లాడేవాడు. "సూడండ్రా, ఏ బాసలో సదివినోడైనా ఒకే లాడ్జికి రావాల. ఓ పేజీలో ఉన్న ముక్క ఇంకో పేజీలో లేకపోతే ఊరుకోను" అని మావయ్య మొదటిరోజే మా ఇద్దరికీ చెప్పాడు.

నేను ప్రాణం పెట్టి రాశాను. కెరటాలచేత జోలపాట పాడించాను, వెన్నెలను వరండాలో కూర్చోబెట్టాను. (ఫాంటు లేని కంప్యూటర్లలో అదంతా ఖాళీ గడులుగా కనబడేది, ఆ దుఃఖం వేరు.) ఏం లాభం? గదులు కావాలని వచ్చే మెయిళ్ళన్నీ బెంగాలీ పేజీ చూసినవాళ్ళవే. దిగినవాళ్ళు దిగినట్టే "ఆ పేజీ రాసిన అబ్బాయి ఎవరు?" అని వాకబు చేసి, దాదా చేతిలో మిఠాయి పెట్టె పెట్టేవారు. వాడు అందులోంచి నాకూ ఒకటి ఇచ్చేవాడు. అది నాకు గొంతు దిగేది కాదు. (దిగేది. ఇంకోటి అడగడానికే అభిమానం అడ్డొచ్చేది.)

ఒకరోజు ఓ బెంగాలీ పెద్దావిడ సామాను కింద పెట్టకుండానే "ఆ చెమ్మ గోడ ఏదీ బాబూ?" అని హిందీలో అడిగింది. నాకేదో వాసన తగిలింది. ఆవిణ్ణి కంప్యూటరు ముందు కూర్చోబెట్టి, దాదా పేజీ చదివి అర్థం చెప్పమన్నాను. మావయ్య తన ఇంగ్లీషు కాగితంలో మాకోసం అక్కడక్కడా బ్రాకెట్లలో సూచనలు రాసేవాడు. నేను వాటిని వదిలేశాను. దాదా ఒక్కటీ వదల్లేదు! "మూల గదిలో గోడ చెమ్మ, ఫొటోలో పడనివ్వద్దు. వేడినీళ్ళు రోజంతా అని రాయండి, పొద్దున్న పూటే వస్తాయి. కిటికీలోంచి సముద్రం అని రాయండి, కుర్చీ ఎక్కితే కనబడుతుంది." ఆవిడ నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుంటూ, "ఇంత నిజం చెప్పే లాడ్జి ఎక్కడుంది? అందుకే వచ్చాం" అంది.

ఇంక నా కాళ్ళు నేల మీద ఆగలేదు. మావయ్య దగ్గరికి పరిగెత్తి అంతా పూసగుచ్చినట్టు చెప్పాను. ఆయన మొహం కందగడ్డ అయింది. దాదాని కేకేశాడు.

"ఏట్రా, నాను మీకోసం రాసింది కూడా ఎక్కించీసేవా?"

"ఒక్క ముక్క పోకూడదని మీరే కద మావా సెప్పేరు" అన్నాడు వాడు.

మావయ్య గది తాళాలు తగిలించే మేకుల వైపు చూశాడు. ఒక్క తాళం లేదు, గదులన్నీ నిండిపోయాయి. ఆయన మెల్లగా నావైపు తిరిగాడు. "మరి నీ పేజీలో సెమ్మ గోడ లేదేట్రా అల్లుడూ? జోలపాటలూ ఎన్నెలా తీసీసి, ఆడి పక్కన కూకుని ఆడు రాసినట్టే రాయి!"

రాశాను. వాడు ఒక్కో వాక్యం చదివి చెబుతుంటే, పళ్ళు నూరుకుంటూ నేను టైపు చేశాను. కొన్నాళ్ళకి గోపాలపట్నం నుంచి ఓ కుటుంబం నవ్వుకుంటూ దిగింది. "ఆ తెలుగు పేజీ ఎవులు రాసేరండీ?" అని ఇంటాయన అడిగాడు. నేను గొంతు సవరించుకునేలోగా మావయ్య దాదాని చూపించాడు. దాదా కంగారుగా "నాను కాదండి, ఈడే! ఈడి తెలుగు సానా బాగుంటాది" అంటూ నన్ను ముందుకు తోశాడు.

ఇంకొకడైతే అక్కడే కరిగిపోయేవాడు. నాకు మాత్రం ఒళ్ళు మండింది. ఆఖరికి మంచితనం కూడా వీడికే ఉండాలా!

అప్పటి నన్ను ఇప్పుడు తలుచుకుంటే జాలీ నవ్వూ కలిసి వస్తాయి. దాదా ఇప్పటికీ నా పుట్టినరోజు మరిచిపోడు. వాడి పుట్టినరోజుకైనా ముందు నేనే పలకరించాలని పొద్దున్నే ఫోను చేతిలోకి తీసుకుంటాను. అప్పటికే అది మోగుతూ ఉంటుంది. "ఏటి బావా, ఇంకా లెగలేదా?" అంటాడు.