పాటకు తాత్పర్యం

పాత కంట్రీ పాటలంటే, అదే అమెరికా పల్లె పాటలంటే, నాకు ఒళ్ళుమంట. ముక్కుతో మొదలై ముక్కుతోనే ముగుస్తాయి. పెళ్ళాం వెళ్ళిపోయింది, కుక్క చచ్చిపోయింది, ట్రక్కు మాత్రం మిగిలింది. ఇంతకు మించి వాటిలో సరుకు లేదని నా అభిప్రాయం. ఆ పిచ్చి నా కూతురికి ఎక్కడ అంటుకుందో తెలియదు. పుట్టిపెరిగింది అమెరికాలో, కమ్మింగ్ అనే ఊళ్ళో కాబట్టి అక్కడి గాలి సోకిందని సరిపెట్టుకున్నాను.

పదిహేనేళ్ళు నిండగానే డ్రైవింగ్ నేర్చుకోవడం మొదలుపెట్టింది. లైసెన్సు రావాలంటే పెద్దవాళ్ళను పక్కన పెట్టుకుని నలభై గంటలు నడపాలి. ఆ గంటల లెక్క ఫారంలో రాసి, చివర అమ్మో నాన్నో సంతకం పెట్టాలి. ఆ పక్క సీటు నాకు దక్కింది. నడిపేవాళ్ళు ఏ పాట పెడితే అదే వినాలని తను రూలు పెట్టింది.

"ఒక్కసారి కళ్ళు మూసుకుని విను నాన్నా, ప్లీజ్."

"నువ్వు నడుపుతుంటేనా? నాకింకా బతకాలనుందమ్మా."

మొదట్లో నవ్వేది. తర్వాత నవ్వడం మానేసింది. ఇక మా మధ్య లేన్లు, సిగ్నళ్ళు తప్ప వేరే మాటల్లేవు.

ఒక శనివారం స్నేహితుల ఇంట్లో పాట్‌లక్, తలా ఒక వంటకం తెచ్చుకునే విందు. మావాళ్ళలో వడ్డనకు ముందు పిల్లల చేత ఏదో ఒకటి పాడించాల్సిందే. ఒక పిల్లవాడు పద్యం చదివితే వాళ్ళ నాన్న తాత్పర్యం చెప్పాడు. తర్వాత మా అమ్మాయి గిటారు తీసి, ఇంగ్లీషులో కంట్రీ పాట అంది. నాకు నోటి దురద పుట్టింది. "దీని తాత్పర్యం తెలుగులో నేను చెబుతా" అన్నాను.

తను ఒక్కో చరణం పాడి ఆగి గిటారు వాయిస్తోంది. ఆ సందులో నేను దూరాను.

"'పక్క సీట్లో మనిషి రోడ్డును చూస్తాడు, నన్ను చూడడు' అంటోందండీ. చూస్తే ట్రక్కు చెట్టుని గుద్దేస్తుంది కదా!"

అందరూ పడీపడీ నవ్వారు.

"'నేను నడపడం నేర్చుకుంటున్నాను, అతను దిగిపోవడం నేర్చుకుంటున్నాడు.' పెట్రోల్ రేటు చూసుంటాడు పాపం!"

ఇంకా నవ్వారు.

"'ఇక పది గంటలే మిగిలాయి, ఒక్క మాట చెప్పు...'"

తెలుగులో ఆ మాట నా నోట్లోంచి వచ్చాక గానీ నాకు వెలగలేదు. లైసెన్సు ఫారంలో మాకు మిగిలింది సరిగ్గా పది గంటలు. ఆ పాట ఎవరో పాతకాలపు గాయకుడిది కాదు, తనే రాసుకుంది. ఆ మనిషిని నేనే. తను నా వైపే చూస్తోంది.

అక్కడ నోరు మూసుకోవాల్సింది. కానీ నవ్వులు బాగా పండుతున్నాయి. పైగా ఇప్పుడు ఆగితే సంగతి అందరికీ తెలిసిపోతుందని భయం.

"పది గంటలెందుకమ్మా, ఈ పాట వింటే వాడు మొదటి సిగ్నల్ దగ్గరే దూకేస్తాడు!" అన్నాను, అన్నీ తెలిసే. ఇల్లు దద్దరిల్లింది. ఆ మాటకు నాకు ఇప్పటికీ సిగ్గుగా ఉంది.

తను పాట మధ్యలో ఆపలేదు. చివరిదాకా పాడి, గిటారును సంచిలో పెట్టుకుంది.

"భలే ఉందమ్మా, ఎవరి పాట ఇది?" అని ఇంటావిడ అడిగింది.

"ఎవరో ఓల్డ్ సింగర్, ఆంటీ. నేమ్ గుర్తులేదు."

ఆ పది గంటలూ వాళ్ళమ్మను పక్కన కూర్చోబెట్టుకుని నడిపింది. ఫారం మీద సంతకానికి మాత్రం నా దగ్గరికి వచ్చింది.